రోజూ రెండున్నర కిలోమీటర్లే తిరిగే బండికి ఆయిల్ ఎప్పుడు మార్చాలి?

బురుజు దారి (కర్నూలు):

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో ఉపాధ్యాయుడిని. మా ఇల్లు సి-క్యాంపు వైపు ఉంది, బడి కొండారెడ్డి బురుజుకు దగ్గర, మధ్య దూరం రెండున్నర కిలోమీటర్లు. ఉదయం బడికి వెళ్తాను, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి మళ్లీ వెళ్తాను, సాయంత్రం తిరిగి వస్తాను. అంటే రోజుకు నాలుగు సార్లు, మొత్తం పది కిలోమీటర్లు. నాది 2014లో కొన్న వంద సీసీ బండి, కార్బ్యురేటరూ చోకూ ఉన్న పాత రకం. ఇన్నేళ్లలో ముప్పై రెండు వేల కిలోమీటర్లే తిరిగింది. తక్కువ తిరిగిన బండి కాబట్టి ఇంజిన్ కొత్తదానిలాగే ఉంటుందన్న ధీమాతో ఇన్నాళ్లూ ఉన్నాను.

పోయిన ఆదివారం బండి కడగబోయే ముందు ఆయిల్ మూత విప్పి చూశాను. మూత లోపలి వైపు, బిగించే మర చుట్ల సందుల్లో, పాలు ఎక్కువైన కాఫీ రంగులో వెన్నలాంటి పదార్థం పేరుకుని ఉంది. వేలితో తీస్తే మీగడలా సాగింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు వాసన కూడా వచ్చింది. ఆయిల్ మట్టం చూసే పుల్ల (డిప్‌స్టిక్) కొసన అంటుకున్న ఆయిల్ మాత్రం నల్లగా, నురుగు లేకుండా ఉంది. ఈ డిసెంబరు చలిలో ఉదయం బండి తీసినప్పుడు సైలెన్సర్ కొస నుంచి నీటి చుక్కలు పడటం కూడా గమనించాను. ఒకప్పుడు లీటరుకు అరవై వరకు ఇచ్చిన బండి ఇప్పుడు నలభై అయిదు దాటడం లేదు.

ఒక షెడ్డులో చూపిస్తే హెడ్ గ్యాస్కెట్ (సిలిండరుకూ దాని పైన బిగించే హెడ్డుకూ మధ్య ఉండే పట్టీ) పోయిందని, ఇంజిన్ విప్పాలని అన్నారు. ఇంకొక షెడ్డులో, ఇంత తక్కువ తిరిగే బండికి రెండేళ్లకోసారి ఆయిల్ మార్చినా సరిపోతుందని చెప్పి పంపారు. నేను ఆయిల్ మార్పించి పద్నాలుగు నెలలైంది, ఈ మధ్యలో తిరిగింది మూడున్నర వేల కిలోమీటర్లు. ఈ ఇద్దరిలో ఎవరి మాట వినాలో, అసలు ఇంత తక్కువ దూరం తిరగడమే ఇంజిన్‌కు చేటు చేస్తోందా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

పాత షెడ్డు (కర్నూలు):

సార్, మొట్టమొదటి మాట, ఇంజిన్ విప్పించకండి. మీది గాలితో చల్లబడే ఇంజిన్. కార్లలో మాదిరిగా రేడియేటరూ అందులో నీళ్లూ మీ బండికి లేవు. కారులో హెడ్ గ్యాస్కెట్ పోతే ఆ నీళ్లు ఆయిల్‌లో కలిసి తెల్లబడతాయి. లేని నీళ్లు మీ ఇంజిన్‌లో ఎక్కడి నుంచి కారుతాయి? మీ బండికి గ్యాస్కెట్ పోయి ఉంటే హెడ్డు అతుకు దగ్గర ఆయిల్ చెమర్చి దుమ్ము పట్టి ఉండేది, లేదా కంప్రెషన్ బయటికి కొడుతూ చప్పుడు వచ్చేది.

ఆయిల్‌లోకి నిజంగా నీళ్లు దిగితే ఎలా ఉంటుందో ఈ ఊరి మెకానిక్‌లకు ఒకరు చెప్పనక్కరలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగినప్పుడు, వరద తీసిన తరువాత మా షెడ్డు ముందు బురద పట్టిన బండ్లు బారులు తీరాయి. డ్రెయిన్ నట్టు విప్పితే ముందు నీళ్లు వచ్చేవి, వాటి వెనుక చిక్కటి మజ్జిగలాంటి ఆయిల్ దిగేది. ఒక్కో ఇంజిన్‌లో కొత్త ఆయిల్ పోయడం, కాసేపు నడిపి తీసేయడం, మళ్లీ పోయడం, ఇలా రెండు మూడు సార్లు చేస్తేనే ఆ తెలుపు పోయింది. మీ డిప్‌స్టిక్ కొసన ఆయిల్ నల్లగానే ఉందంటున్నారు కాబట్టి మీది ఆ కోవలోకి రాదు. మూత ఇంజిన్‌లో చల్లటి చోట ఉంటుంది. లోపలి ఆవిరి అక్కడికి చేరి నీరై ఆయిల్‌తో కలిసి నురుగు కట్టింది.

ఇక రెండేళ్లకోసారి ఆయిల్ అన్న సలహా కూడా తప్పే, అది మొదటిదానికన్నా ఎక్కువ హాని చేస్తుంది. మీరు కిలోమీటర్లు లెక్కపెడుతున్నారు, నేను చల్లటి ఇంజిన్‌ను ఎన్నిసార్లు లేపారని లెక్కపెడతాను. రోజుకు నాలుగు సార్లు, నెలకు ఇరవై అయిదు రోజులంటే నెలకు నూరు సార్లు. మూడు వేల కిలోమీటర్లు తిరగడానికి మీకు ఏడాది పడుతుంది, ఆ ఏడాదిలో పన్నెండు వందల సార్లు స్టార్ట్ చేస్తారు. పొద్దున వెళ్లి సాయంత్రం వస్తూ రోజుకు ఎనభై కిలోమీటర్లు తిరిగే మనిషి అదే మూడు వేలు ముప్పై ఎనిమిది రోజుల్లో పూర్తి చేస్తాడు, స్టార్ట్ చేసేది డెబ్బై అయిదు సార్లు. రాత్రంతా నిలిచిన బండిలో ఆయిల్ కిందికి జారి ఉంటుంది, మళ్లీ అది పైన వాల్వులను తెరిచే క్యామ్ దాకా ఎక్కేలోపు ఇనుము ఇనుముతో దాదాపు ఉత్తగా రాసుకుంటుంది. రెండు మీటర్లలోనూ మూడు వేలే కనిపిస్తాయి కానీ ఆ రెండు ఇంజిన్లు ఒకటి కావు.

ఆయిల్ ఈ వారమే మార్పించండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు తీయించండి, అప్పుడే అడుగున ఉన్న మడ్డి కూడా దిగుతుంది. ఆ తరువాత ఆరు నెలలకోసారి, కిలోమీటర్లు ఎంతైనా సరే మార్చండి. మూతకు పెట్రోలు వాసన వచ్చిందన్నారు కదా, ఆ సంగతి వేరుగా చూడాలి. రాత్రి బండి నిలిపాక పెట్రోలు కాక్ కట్టేస్తున్నారా? కార్బ్యురేటర్ నిండగానే పెట్రోలును ఆపే ఫ్లోట్ సూది అరిగి ఉంటే, కాక్ తెరిచి ఉన్న బండిలో పెట్రోలు మెల్లగా ఇంజిన్‌లోకి దిగిపోతుంది. పోసిన ఆయిల్ తగ్గాల్సింది పోయి డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగిందంటే అనుమానమే అక్కరలేదు.

ఇంజిన్ పాఠం (కడప):

మాస్టారు గారికి నమస్కారం. నేను కడపలో డిప్లొమా విద్యార్థులకు ఇంజిన్ల పాఠం చెబుతాను. పాత షెడ్డు అన్నగారు చెప్పిన దానితో ఏకీభవిస్తూ, ఆ ఆవిరి ఎక్కడిదన్నది కొంచెం వివరంగా రాస్తాను. కారణం తెలిస్తే ఏ జాగ్రత్త అవసరమో, ఏది అనవసరమో మీరే తేల్చుకోగలుగుతారు.

పెట్రోలులో ఉండేవి ప్రధానంగా కార్బన్, హైడ్రోజన్. ఆ హైడ్రోజన్ మండి గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే నీరు పుడుతుంది. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే తయారయ్యే నీరు కూడా రమారమి ఒక లీటరే. ఈ మాట చెప్పినప్పుడు తరగతిలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు నమ్మలేనట్లు చూస్తారు. మీ బండి రోజుకు పది కిలోమీటర్లు తిరిగి, లీటరుకు నలభై అయిదు ఇస్తోందంటే రోజుకు రెండు వందల ఇరవై మిల్లీలీటర్ల పెట్రోలు మండుతోంది. అంటే మీ ఇంజిన్ రోజూ ఒక గ్లాసుడు నీటిని తయారు చేస్తోంది. అందులో చాలా భాగం ఆవిరిగా సైలెన్సర్ గుండా పోతుంది. కొద్ది భాగం మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఆయిల్ ఉండే గదిలోకి దిగుతుంది. ఎంత కొత్త ఇంజిన్‌లోనైనా ఇలా దిగడం మామూలే.

అన్నం గిన్నె మీద చల్లటి స్టీలు మూత పెడితే లోపలి వైపు చుక్కలు కడతాయి, గిన్నెతోపాటు మూత కూడా కాగితే కట్టవు. ఇంజిన్‌లోనూ జరిగేది అదే. పొగలోని ఆవిరి సుమారు 50 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉన్న లోహాన్ని తాకితే నీరుగా మారుతుంది. హెడ్డు ఒకటి రెండు నిమిషాల్లో వేడెక్కిపోతుంది కానీ, కింద ఉండే దాదాపు లీటరు ఆయిలూ దాని చుట్టూ ఉన్న అల్యూమినియం గదీ బాగా కాగడానికి పది పదిహేను నిమిషాల ప్రయాణం కావాలి. మీ రెండున్నర కిలోమీటర్లు ఆరేడు నిమిషాల్లో ముగుస్తాయి. నీరు చేరే సమయం వరకు ఇంజిన్ నడుస్తోంది, ఆ నీరు మళ్లీ ఆవిరై బ్రీతర్ పైపు గుండా బయటికి పోయే సమయం వచ్చేసరికి మీరు తాళం తీసేస్తున్నారు.

ఆగిన నీరు ఒంటరిగా ఉండదు. మంటలో పుట్టిన నైట్రోజన్ ఆక్సైడ్లు అందులో కలిసి ఆమ్లమవుతుంది. గంధకం వల్ల వచ్చే ఆమ్లం మాత్రం మునుపటికన్నా తగ్గింది, ఎందుకంటే 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 పెట్రోలులో గంధకం పది లక్షల పాళ్లకు 50 నుంచి 10కి దిగింది. ఈ ఆమ్లాన్ని విరిచే క్షారగుణం గల మందులను ఆయిల్‌లో ముందే కలుపుతారు, అవి కొద్దికొద్దిగా ఖర్చవుతూ పోతాయి. చూడటానికి ఆయిల్ పలచగా, బాగున్నట్లే కనిపించినా పద్నాలుగు నెలల తరువాత దాన్ని నమ్మకూడదనడానికి ఇదే కారణం. మాన్యువల్‌లో ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది అని రాస్తారు కదా, మీవంటి వారికి ఆ రెండో సంఖ్యే వర్తిస్తుంది.

మైలేజీ తగ్గడానికి కూడా మూలం ఇక్కడే ఉంది. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కాబట్టి చోక్ లాగి ఎక్కువ పెట్రోలు పంపుతాము. మండని పెట్రోలు సిలిండరు గోడ మీది ఆయిల్ పొరను కడిగేస్తూ కిందికి దిగి ఆయిల్‌ను పలచన చేస్తుంది. మీరు పసిగట్టిన వాసనకు ఇది కూడా ఒక కారణం కావచ్చు. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి ఇంజిన్‌ను లాగుతుంది. ప్లగ్గు కొస సుమారు 450 డిగ్రీలు దాటితేనే దాని మీది మసి దానంతటదే కాలిపోతుంది, మీ ఆరేడు నిమిషాల్లో మెల్లగా పోయే ఇంజిన్‌లో అది అంత వేడెక్కకపోవచ్చు. ఒకసారి ప్లగ్గు విప్పించి చూడండి, పొడి మసి నల్లగా పట్టి ఉంటే ఈ మాట రుజువైనట్లే.

అన్నగారి పన్నెండు వందల లెక్కలో మాత్రం ఒక చిన్న సవరణ. భోజనానికి వచ్చి ముప్పావుగంటలో తిరిగి వెళ్లేటప్పుడు ఇంజిన్ ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది, దాన్ని చల్లటి స్టార్టుగా లెక్కించకూడదు. రోజుకు మూడని వేసుకుంటే ఏడాదికి తొమ్మిది వందలు. అయినా అది డెబ్బై అయిదుకు పన్నెండు రెట్లు.

టవర్ క్లాక్ స్కూటర్ (అనంతపురం):

నాకు ఇందులో కొంత అభ్యంతరం ఉంది. ఇవన్నీ చలిదేశాల సమస్యలని, ఏడాదిలో సగం రోజులు ఎండ మాడ్చే మన అనంతపురం, కర్నూలు వంటి చోట్ల అంతగా భయపడనక్కరలేదని నా అభిప్రాయం. మే నెలలో నా స్కూటర్ నీడలో ఉన్నా సీటు కింద చెయ్యి పెట్టలేను. మా ఊళ్లో గాలిలో తేమ కూడా తక్కువే. పదకొండేళ్లుగా రోజుకు ఆరేడు కిలోమీటర్లు తిరుగుతున్నాను, ఇంతవరకు ఇంజిన్‌లో చెయ్యి పెట్టలేదు. చలికాలంలో మాత్రం ఉదయం అయిదు నిమిషాలు స్టాండు మీద నడిపి, ఇంజిన్ వేడెక్కాకే బయలుదేరతాను. మాస్టారు కూడా అలా చేస్తే సరిపోదా?

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది ఇంజిన్ కాదు, బ్యాటరీ. ఇంట్లో వాడే రెండో స్కూటర్ కొత్తది. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ ఇంజిన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. కూరగాయలకనీ పిల్లల ట్యూషన్‌కనీ కిలోమీటరు, కిలోమీటరున్నర పోయి ఆపడం, ప్రతిసారీ సెల్ఫ్ నొక్కడం, మధ్యలో సిగ్నళ్ల దగ్గర నిలబడటం వల్ల, సెల్ఫ్ తీసుకున్న కరెంటును తిరిగి నింపుకునే వ్యవధి ఆ బ్యాటరీకి దొరకలేదు. రెండేళ్లు నిండకుండానే అది మూలపడింది. కొత్త బ్యాటరీ వేసినప్పటి నుంచి ఉదయం మొదటిసారి కిక్ కొట్టి లేపుతున్నాము, ఇప్పటికి మూడున్నరేళ్లుగా ఇబ్బంది లేదు. కిక్ ఉన్న బండి గలవారికి ఇదొక్కటే నా విన్నపం.

ఇంజిన్ పాఠం (కడప):

బ్యాటరీ విషయంలో మీ మాట అక్షరాలా నిజం. సీసపు బ్యాటరీ నిండకుండా ఎక్కువ కాలం ఉంటే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, తరువాత ఎంత ఛార్జ్ చేసినా మునుపటి బలం రాదు.

మన ఎండ మనకు మేలు చేస్తుందన్నదీ నిజమే, నలభై డిగ్రీల పగలు మొదలైన ఇంజిన్ యాభై దాటడానికి ఎంతో సేపు పట్టదు. అందుకే మాస్టారికి ఈ నురుగు మే నెలలో కాక డిసెంబరులో కనిపించింది. కానీ బయటి గాలిలో తేమ తక్కువన్నది ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు, ఎందుకంటే ఈ నీరు వానది కాదు, గాలిది కాదు, పెట్రోలు మండి పుట్టినది.

స్టాండు మీద అయిదు నిమిషాలు నడపడం మాత్రం దయచేసి మానండి. బరువు లేని ఇంజిన్ చాలా నిదానంగా వేడెక్కుతుంది, అంతసేపూ పెట్రోలు పాలు ఎక్కువైన మిశ్రమమే మండుతూ నీరూ మసీ ఎక్కువవుతాయి, ఆయిల్ మాత్రం చల్లగానే ఉండిపోతుంది. స్టార్ట్ చేశాక అర నిమిషం ఆగి, హెల్మెట్ పెట్టుకుని బయలుదేరి, మొదటి కిలోమీటరు గట్టిగా యాక్సిలరేటర్ తిప్పకుండా పోతే ఇంజిన్ పని చేస్తూ వేడెక్కుతుంది. మాస్టారు, చోక్ కూడా అంతే, ఇంజిన్ నిలకడగా తిరగగానే లాగినదాన్ని తిరిగి నెట్టేయాలి. చాలామంది బడి గేటు దాకా మరచిపోతారు.

వారానికొకసారి అరగంటైనా ఆపకుండా నడపండి. మీకు నంద్యాల రోడ్డు దగ్గరే కదా, ఓర్వకల్లు రాతివనం దాకా పోయి వస్తే చాలు.

బురుజు దారి (కర్నూలు):

సంక్రాంతి సెలవులు ముగిశాయి కాబట్టి జరిగింది రాస్తున్నాను. మీరు చెప్పినట్లు ఆయిల్ మార్చే ముందే మూత శుభ్రంగా తుడిచి, ఓర్వకల్లు దాకా వెళ్లి వచ్చాను. పోయేటప్పుడు పదిహేను నిమిషాలు దాటాక బండి నడక మారినట్లు తెలిసింది, గేర్లు మెత్తగా పడ్డాయి. తిరిగి వచ్చి, పూర్తిగా చల్లబడ్డాక సాయంత్రం మూత విప్పితే మర చుట్ల సందుల్లో ఎక్కడా తెలుపు లేదు, పలచటి ఆయిల్ పొర మాత్రమే మెరుస్తూ ఉంది. ఇంజిన్ విప్పించి ఉంటే ఎంత ఖర్చయ్యేదో తలచుకుంటేనే గుండె ఝల్లుమంటోంది.

మరుసటి రోజు మళ్లీ బండిని వేడి చేసి ఆయిల్ తీయించాను. ప్లగ్గు మీద మీరన్నట్లే పొడి మసి ఉంది, మార్పించాను. పెట్రోలు కాక్ నేను పదేళ్లుగా ఎప్పుడూ కట్టలేదు, ఇప్పుడు రాత్రిళ్లు కట్టేస్తున్నాను. ఆ రోజు వేసిన మట్టం గీత మీదే ఉందో లేదో ప్రతి ఆదివారం చూస్తున్నాను, ఇంతవరకు పెరగలేదు.

ఇంకొక మార్పు కూడా చేశాను. మధ్యాహ్నం ఇంటికి రావడం మానేసి క్యారియర్ తీసుకెళ్తున్నాను, దానితో రోజుకు నాలుగు ప్రయాణాలు రెండయ్యాయి. చల్లటి స్టార్టులు ఏడాదికి తొమ్మిది వందల నుంచి ఆరు వందలకు తగ్గుతాయి.

ఒక సందేహం మిగిలింది. ఆయిల్ పోసేటప్పుడు షెడ్డులో కారులో వేసే ఖరీదైన ఆయిల్ ఉందని, అది ఇంకా మంచిదని చూపించారు. నేను వద్దన్నాను కానీ తప్పు చేశానేమోనని ఉంది.

పాత షెడ్డు (కర్నూలు):

వద్దని మంచి పని చేశారు సార్. మీలాంటి గేర్ల బండ్లలో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిళ్లు కొన్నింటిలో జారుడు పెంచే మందులు కలుపుతారు, అవి ప్లేట్లకు పడితే క్లచ్ పట్టు తప్పి ఇంజిన్ అరుస్తుంది తప్ప బండి లాగదు. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని రాసి ఉన్నదే తీసుకోండి. చిక్కదనం అంకె మీ మాన్యువల్‌లో ఏది ఉంటే అదే, ఎండాకాలమని ఎవరైనా ఇంకా చిక్కటిది పోస్తామంటే ఒప్పుకోకండి. చల్లటి ఇంజిన్‌లో తొందరగా పైకి ఎక్కే ఆయిలే మీకు కావాలి.

ఇక బండి పాతది కాబట్టి ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ ఉంటోంది. దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన బండ్లు 2023 ఏప్రిల్ నుంచి వస్తున్నాయి, మీది అంతకు ముందుది. కాక్ నుంచి కార్బ్యురేటర్ దాకా ఉన్న రబ్బరు పైపును వేళ్లతో వంచి చూడండి. పగుళ్లు కనిపించినా, ఉబ్బి మెత్తబడినా వెంటనే మార్చేయండి. సైలెన్సర్ కింది వంపు దగ్గర అతుకు మీద తుప్పు పొడి రాలుతోందేమో కూడా అదే చేత్తో చూసి చెప్పండి, ఇన్నేళ్లు ఆ నీళ్లు నిలిచింది అక్కడే.